మీసాల భూపతి గృహప్రవేశం

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెడితే మీరు సగంలోనే ఆవలిస్తారని నాకు తెలుసు. అందుకే ఈ కథలో అడవి లేదు. కాకినాడలో ఒక మేడ ఉంది. ఆ మేడ హాల్లో, టీవీ పక్కన, ఒక పెద్ద గాజు తొట్టె ఉంది. తొట్టె నిండా ఉప్పునీళ్ళు. నీళ్ళ అడుగున రాళ్ళు, రాళ్ళ మధ్య చేపలు. అసలు సముద్రం ఆ మేడకి దగ్గర్లోనే ఉంది. అయినా ఇంట్లో ఇంకొకటి కావాలి. మనుషుల సంగతి మీకు నేను చెప్పాలా?

ఆ తొట్టె హైమవతి గారిది. నీళ్ళలో ఉప్పు కలపడం, కొలవడం, చేపలకి మేత వెయ్యడం, అన్నీ ఆవిడే. ఆ ఇంట్లో ఓపిక ఉన్నది ఆవిడ ఒక్కరికే. మిగతావాళ్ళ సంగతి ఎత్తితే నాకు కోపం వస్తుంది, వదిలెయ్యండి.

తొట్టెలో ఒక చేప ఉండేది. పేరు కనకయ్య. పసుపుపచ్చటి ఒళ్ళు, పళ్ళెంలాంటి ఆకారం. తొట్టెకి తనే పెద్ద అనేవాడు. ఎవరు ఎన్నుకున్నారని అడిగితే, మిగతా చేపల వైపు కోపంగా చూసేవాడు. అవి నోరు మూసుకునేవి. ఆయన పెద్దరికం అంతా అంతే.

ఈ పెద్దమనిషికి ఒక బాధ. కుడి మొప్ప కింద ఏదో పురుగు పట్టింది. ఒకటే దురద. రాయికి రుద్దుకునేవాడు, ఇసుకలో పొర్లేవాడు. ఎవరైనా చూస్తే మాత్రం, "వ్యాయామం చేస్తున్నాను" అనేవాడు.

ఆ దురద హైమవతి గారు కనిపెట్టారు. చేపల ఒంటి మీద పురుగుల్ని ఏరి తినే రొయ్యలు ఉంటాయి. ఎర్రటి వీపు, వీపు మీద తెల్లటి గీత, పొడుగాటి తెల్ల మీసాలు. అలాంటి రొయ్యల్ని రెండింటిని ఆవిడ షాపు నుంచి సంచిలో నీళ్ళు పోయించి తెచ్చారు. ఒకడు మీసాల భూపతి. రెండోది వాడి చెల్లెలు నూకరత్నం.

భూపతికి తన మీసాలంటే ప్రాణం. షాపులో గాజు అద్దంలో గంటలు గంటలు చూసుకునేవాడు. చెల్లెలు పని చేస్తుంటే వీడు మీసం దువ్వుకునేవాడు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

హైమవతి గారు ముందు తొట్టె లైటు ఆపేశారు. కొత్తవాళ్ళు బెదిరిపోకుండా ఉండాలని. తరవాత సంచిని ముడి విప్పకుండా తొట్టె నీళ్ళ మీద తేలేశారు. సంచిలో నీళ్ళూ తొట్టెలో నీళ్ళూ ఒకే వేడికి రావాలి కదా.

సంచి తేలుతుండగానే కనకయ్య పరిగెత్తుకొచ్చాడు. ప్లాస్టిక్కుకి మూతి ఆనించి, "దయచేయండి మహాప్రభో, దయచేయండి! మీ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాం" అన్నాడు.

భూపతి మీసాలు ఒక్కసారి సర్దుకున్నాడు. "విన్నావా రత్నం? మహాప్రభువట" అన్నాడు.

"విన్నాను అన్నా. ఆయన మొప్ప రాయికి రుద్దుకోవడం కూడా చూశాను" అంది నూకరత్నం.

భూపతి ఆ రెండో మాట వినలేదు. పొగడ్త చెవిలో పడ్డాక ఇంకో మాట పట్టే చోటు ఉండదు కొందరికి.

కాసేపటికి హైమవతి గారు ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెని తొట్టె అంచుకి, లోపలి వైపు వేలాడేలా తగిలించారు. పెట్టె అంచు తొట్టె నీళ్ళకి కాస్త పైన ఉంది. సంచిలో రొయ్యల్ని నీళ్ళతో సహా అందులోకి దించారు. తరవాత ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే గొట్టం ఒకటి తీసుకుని, దాన్ని ఒక సీసాకి బిగించారు. సీసాలో తొట్టె నీళ్ళే. సీసాని గోడ మేకుకి తగిలించి, గొట్టం మీదున్న చిన్న చక్రం తిప్పారు. ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకో చుక్క పడింది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఎందుకింత తతంగం అంటారా? షాపు నీళ్ళలో ఉప్పు తక్కువ. ఈ తొట్టెలో ఎక్కువ. చేప అయితే ఎలాగో తట్టుకుంటుంది. రొయ్య తట్టుకోలేదు. ఆవకాయకి తరిగిన మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ముక్కల్లోంచి నీళ్ళు ఊరి బయటికి వచ్చేస్తాయి, చూశారు కదా? ఒక్కసారిగా ఎక్కువ ఉప్పులో పడితే రొయ్య ఒంట్లో నీళ్ళకి కూడా అదే గతి. అందుకే చుక్క చుక్కగా కలపాలి. పెట్టె నిండితే కొంత తీసి పారబొయ్యాలి, మళ్ళీ చుక్కలు వదలాలి. ఒళ్ళు తట్టుకునేలా మెల్లగా ఉప్పు పెరగాలి. ఇందులో అర్థం కానిది ఏముంది? కానీ తొట్టెలో ఉన్న ఇంతమందిలో ఇది ఒక్కళ్ళకే తెలుసు.

ఆ ఒక్కళ్ళు సన్యాసమ్మ. ఆమె సన్యాసి పీత. ఎవరో వదిలేసిన శంఖంలో కాపురం. తొట్టెలో చచ్చినవాటిని తిని శుభ్రం చెయ్యడం ఆమె పని. అందుకని ఎవరూ ఆమెతో మాట్లాడరు. ఆమె కూడా ఎవరి మెప్పూ కోరదు. రాయెక్కి, పెట్టె పక్కకి వచ్చి కూర్చుంది.

"ఏరా అబ్బాయ్, కొత్తగా వచ్చావా?" అంది.

"అవును. నా కోసం సభ ఏర్పాటు చేశారు" అన్నాడు భూపతి.

"సభ సంగతి నాకు తెలీదు గానీ, ఆ చుక్కలు పడటం పూర్తయ్యేదాకా కదలకు. ఆవిడ తీసి వదిలితేనే దిగు. ముందే దూకితే నాకు ఈ పూట వెతుక్కునే పని ఉండదు."

భూపతి ముఖం తిప్పుకున్నాడు. "ఛీ, పీనుగులు తినేవాళ్ళతో మనకి మాటలేమిటి?" అన్నాడు చెల్లెలితో.

చూశారా? పొగిడినవాడు పెద్దమనిషి అయ్యాడు. నిజం చెప్పింది పీనుగులు తినే పీత అయ్యింది. నవ్వుతున్నారా? నవ్వండి. మీలో కూడా భూపతులున్నారు, నాకు తెలుసు.

చుక్కలు పడుతున్నాయి. భూపతికి మీసాల చివర చిమచిమలాడింది. పొట్ట దగ్గర బిగుసుకుంది. నూకరత్నానికి కూడా అంతే.

"అన్నా, నీళ్ళు మంటగా ఉన్నాయి. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కదలకుండా కూర్చుందాం" అంది.

"నాకేం లేదే" అన్నాడు భూపతి. అబద్ధం. వాడి కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

ఇంతలో కనకయ్య రెండోసారి వచ్చాడు. ఈసారి వెనకాల చేపలన్నిటినీ వరసగా నిలబెట్టుకొచ్చాడు. అవి తోకలు ఆడిస్తూ చప్పట్లు కొట్టాయి. ఎందుకు కొడుతున్నాయో వాటికి తెలియదు. కనకయ్య కొట్టమన్నాడు, కొట్టాయి. అలాంటి జనం ఎక్కడైనా దొరుకుతారు, వాళ్ళ కోసం వెతకక్కర్లేదు.

"మహాప్రభో, ఇంకా ఆ డబ్బాలోనే ఉన్నారేమిటి?" అన్నాడు కనకయ్య. "ఆ గొట్టం ఏమిటి, ఆ సీసా ఏమిటి? చూసేవాళ్ళు ఏమనుకుంటారు? జ్వరం వచ్చినవాడికి సెలైన్ ఎక్కిస్తున్నారనుకోరూ?"

వరసలో ఉన్న ఒక నీలం చేపపిల్ల కిసుక్కున నవ్వింది. "అమ్మా, రొయ్యకి ఒంట్లో బాలేదా?" అంది.

అంతే. అది భూపతికి సూదిలా గుచ్చుకుంది. మీసాలున్న మగవాణ్ణి పట్టుకుని రోగి అంటారా?

"ఎవరే రోగి? నేనా? నేను సముద్రంలో పుట్టినవాణ్ణి! ఈ తొట్టె నాకు చెంబుతో సమానం!" అని అరిచాడు.

"మరి దిగండి" అన్నాడు కనకయ్య మెత్తగా.

"అన్నా, నువ్వు సముద్రంలో పుట్టావు గానీ నిన్నటిదాకా ఉన్నది షాపు నీళ్ళలో" అంది నూకరత్నం. "ఒంటికి పుట్టుక తెలీదు. నిన్న ఎక్కడున్నామో అదే తెలుస్తుంది."

ఎంత మంచి మాట! ఎవరు విన్నారు?

అప్పుడు వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఒక కూత, ఇంకో కూత, మూడో కూత కూడా వేసింది. ఇంట్లో ఇంతమంది ఉన్నారు. ఒక్కళ్ళు లేచి స్టవ్ ఆపలేదు. హైమవతి గారే లేవాల్సి వచ్చింది.

ఆవిడ అటు వెళ్ళగానే కనకయ్య మూడోసారి వచ్చాడు. ఈసారి గొంతు మార్చాడు.

"మహాప్రభో, మీ గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాను. దివ్యమైన ముహూర్తం. ఇదిగో, ఇప్పుడే. ఇది దాటితే వర్జ్యం వచ్చేస్తుంది. వర్జ్యంలో కాలు పెడితే కుటుంబానికి మంచిది కాదు. ఆపైన మీ ఇష్టం."

ముహూర్తం ఎవరు పెట్టారు? ఆయనే. పంచాంగం ఏది? ఎదురు గోడ మీద ఒక క్యాలెండరు ఉంది, అదే చూశానన్నాడు. ఆ క్యాలెండరులో ఈయన వైపుకి కనిపించేది ఒక చీరల కొట్టు బొమ్మ. అసలు ఈయనకి చదువే రాదు. దురద ఎప్పుడు ఎక్కువైతే అదే ఈయనకి మంచి ముహూర్తం.

"కనకయ్య గారూ, ముహూర్తం కాస్త వెనక్కి జరపలేరా?" అంది నూకరత్నం. పాపం, దానికి ఇంకా మర్యాద ఉంది.

"ముహూర్తాన్ని జరపడమా! ఎంత మాట! ఇష్టం లేకపోతే చెప్పండమ్మా, ఇంకో రొయ్యని పిలుచుకుంటాం."

ఇంకో రొయ్య ఎక్కడుంది? ఎక్కడా లేదు. కానీ ఆ మాటతో భూపతి గుండె జారింది. తన సభలో ఇంకోడు కూర్చుంటాడా? తన దండ ఇంకోడి మెళ్ళో పడుతుందా?

"అన్నా, వద్దు! ఆవిడ వచ్చేదాకా ఆగు!" అని నూకరత్నం వాడి కాలు పట్టుకుంది.

"వదులు. నీకు భయమైతే నువ్వు సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చో" అన్నాడు భూపతి. తోక ముడిచి ఒక్క తన్ను తన్నాడు. పెట్టె అంచు మీదుగా ఎగిరి తొట్టెలో పడ్డాడు.

చేపలు చప్పట్లు కొట్టాయి. సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది.

భూపతి మెల్లగా దిగి ఒక రాయి మీద నిలబడ్డాడు. మీసాలు రెండు వైపులా చాచాడు. "మహాజనులారా..." అని మొదలుపెట్టాడు.

"ప్రసంగం తరవాత" అన్నాడు కనకయ్య. గబగబా వచ్చి కుడి మొప్ప వాడి ముఖం మీద పెట్టాడు. "ముందు ఇక్కడ చూడు. ఇంకాస్త కిందికి. ఆ, అక్కడే."

దయచేయండి పోయింది, మహాప్రభో పోయింది. చూడు అని ఏకవచనం వచ్చేసింది. ఎంతసేపట్లో? ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

భూపతి చెయ్యి చాచాడు. చెయ్యి అందలేదు. ఒళ్ళంతా ఎవరో పిండుతున్నట్టు ఉంది. ముందు కాళ్ళు మడతపడ్డాయి. తరవాత వెనక కాళ్ళు. రాయి మీంచి జారి ఇసుకలో పక్కకి ఒరిగిపోయాడు.

"లే, లే" అన్నాడు కనకయ్య. "నాటకాలు తరవాత. దురద పుడుతోంది."

భూపతి లేవలేదు. కనకయ్య కాసేపు చూశాడు. తరవాత వెనక్కి తిరిగి, "నాసిరకం సరుకు. షాపువాడు మోసం చేశాడు" అన్నాడు. చేపలన్నీ తలలాడించాయి. ఇందాక చప్పట్లు కొట్టిన చేపలే.

ఇప్పుడు నవ్వకండి. ఇందాక నేనే నవ్వించాను, ఒప్పుకుంటాను. కానీ ప్రాణం పోతున్నవాణ్ణి చూసి నవ్వకూడదు. వాడు మూర్ఖుడే. కానీ వాడికి ఒక చెల్లెలు ఉంది. ఆ పిల్ల పెట్టె గోడకి అతుక్కుపోయి అంతా చూస్తోంది.

"అన్నా!" అని అరిచింది. "నేనొస్తున్నాను! నేను పట్టుకుంటాను!"

తోక ముడుచుకుంది. ఇంకొక్క క్షణం అయితే దూకేది.

"ఆగవే!" అంది సన్యాసమ్మ. రాయి మీంచి దాదాపు పడిపోయినంత పని చేసి పెట్టెకి అడ్డంగా నిలబడింది. "నువ్వు దూకితే వాడు బతకడు. నువ్వు కూడా పోతావు. నాకు రెండు పీనుగులు. నాకొద్దు."

"వాడు మా అన్న!"

"అందుకే అంటున్నాను. వాణ్ణి తలుచుకుని ఏడవడానికైనా ఒకళ్ళు ఉండాలి కదే."

నూకరత్నం కింద పడున్న అన్న వైపు చూసింది. దూకితే అన్న పక్కన పడుతుంది. ఆగితే ఇక్కడి నుంచే చూస్తూ ఉండాలి. రెండూ కష్టమే. అప్పుడు కింద ఇసుకలోంచి భూపతి కళ్ళు పైకెత్తాడు.

"రత్నం" అన్నాడు. గొంతు సరిగ్గా వినబడలేదు. "అక్కడే ఉండు. తొందరేం లేదు. నువ్వు మెల్లగా రా."

పుట్టి బుద్ధెరిగాక వాడు చెప్పిన తెలివైన మాట అదొక్కటే. అదే ఆఖరి మాట కూడా అయ్యింది.

హైమవతి గారు పరుగున వచ్చారు. చేతిలో గరిటె అలాగే ఉంది. పెట్టెలో ఒక్క రొయ్యే కనబడింది. తొట్టె లోపల చూశారు. "అయ్యో, ఎంత పని చేశావురా!" అన్నారు. తీసి మళ్ళీ పెట్టెలో వేద్దామా అని చెయ్యి ముంచారు. వాడు కదలడం మానేసి ఉన్నాడు. నీళ్ళు పాడవకుండా వాణ్ణి పైకి తీసేశారు. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. రొయ్య కోసం ఏడుస్తావేమిటని హాల్లో ఎవరో నవ్వారు. కుక్కరు ఆపడానికి లేవనివాళ్ళు, నవ్వడానికి మాత్రం తయారు.

ఆ పూట సన్యాసమ్మ ఏమీ తినలేదు. ఎందుకని అడిగితే అరగలేదంది.

కనకయ్యకి సిగ్గేస్తుందనుకుంటున్నారా? మీరు మరీ అమాయకులు. నీళ్ళు తేటపడకముందే పెట్టె దగ్గరికి వచ్చాడు.

"దయచేయండి మహారాణీ" అన్నాడు. "జరిగినదానికి చాలా చింతిస్తున్నాం. ఆయన ముహూర్తం ఒక్క క్షణం దాటాక దూకారు, అదే దోషం. మీకు ఇంకా మంచి ముహూర్తం చూశాను. ఇప్పుడే."

ఒక చుక్క పడింది. నూకరత్నం ఆ చుక్క కింద కదలకుండా కూర్చుంది.

కనకయ్య బతిమాలాడు, బెదిరించాడు. పీత చెప్పినట్టల్లా వింటున్నావని ఎగతాళి చేశాడు. చేపలచేత చప్పట్లు కొట్టించాడు. ఆ పిల్ల కదలలేదు. కాళ్ళ తిమ్మిరి తగ్గేదాకా ఆగింది. మీసాల మంట తగ్గేదాకా ఆగింది. హైమవతి గారు ఈసారి కుర్చీ వదల్లేదు. కుక్కరు కూత వేస్తే, "ఎవరో ఒకళ్ళు ఆపండి, నేను లేవను" అని గట్టిగా చెప్పారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఎవరో లేచి ఆపారు. చేతగాక కాదన్నమాట!

చివరికి ఆవిడ పెట్టెలో నీళ్ళ ఉప్పు కొలిచారు. తొట్టె నీళ్ళ ఉప్పు కొలిచారు. రెండూ ఒకటిగా వచ్చాయి. అప్పుడు చేతిని నెమ్మదిగా కిందికి పోనిచ్చి నూకరత్నాన్ని తొట్టెలోకి దింపారు. పెట్టెలో మిగిలిన నీళ్ళని తొట్టెలో కలపలేదు, బయట పారబోశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టమని చెప్పేవాడికి అప్పుడు దురద ఎక్కువగా ఉంది.

నూకరత్నం రాయి కింద చోటు చూసుకుని దాక్కుంది. కొత్త ఇల్లు అలవాటు పడేదాకా బయటికి రాలేదు. వచ్చిన రోజున మాత్రం రాయి పైకెక్కి, తెల్లటి మీసాలు ఊపింది. పని మొదలైందని చేపలకి అది సైగ. చేపలన్నీ వరసకట్టాయి. నీలం చేపపిల్ల నోరు తెరిస్తే పళ్ళ సందులు కూడా శుభ్రం చేసింది. సన్యాసమ్మ శంఖం మీద నాచు ఉంటే అదీ గీకింది. మునుపు ఎవరూ ఆమెని ముట్టుకోనే లేదు.

కనకయ్య వరసలో నిలబడతాడా? అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. కుడి మొప్ప ఎత్తి పట్టుకున్నాడు.

"కాస్త చూడమ్మా. నిద్ర ఉండటం లేదు. మీ అన్నగారు ఉండి ఉంటే ఎప్పుడో బాగుచేసేవారు. ఎంత గొప్పవారు! ఆయన్ని తలుచుకోని పూట లేదు నాకు" అన్నాడు.

నూకరత్నం మీసాలు ఊపడం ఆపింది.

"మా అన్న పేరేమిటి?" అంది.

కనకయ్య నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. వెనక చేపల వైపు చూశాడు. వాటికీ తెలియదు. మహాప్రభువని పిలిచాడు, ముహూర్తం పెట్టాడు, రప్పించాడు, చంపాడు. పేరు మాత్రం అడగలేదు.

"అదే... ఆయన... మీసాలాయన" అన్నాడు.

"తెలిశాక రండి" అంది నూకరత్నం. "ఇప్పుడు వెనకవాళ్ళకి దారి ఇవ్వండి."

కనకయ్య ఆ పేరు కోసం ఇప్పటికీ తొట్టెంతా తిరుగుతున్నాడట. నూకరత్నం ఆ పేరు చెప్పుకున్నది సన్యాసమ్మ ఒక్కర్తికే. ఆమెని అడగాలంటే ముందు పలకరించాలి. పీనుగులు తినేవాళ్ళని పలకరిస్తే పెద్దరికం ఏమవుతుంది? గోక్కుంటూ తిరగనివ్వండి.

నీతి: కొత్తచోటికి ఒళ్ళు అలవాటు పడేదాకా ఆగినవాడు పిరికివాడు కాడు. దూకు దూకు అని నిన్ను తొందరపెట్టేవాడికి కావలసింది నువ్వు కాదు, నీ చేత జరిగే వాడి పని.